అవ్వ ఏరిన గింజలు

మొన్న మా అపార్ట్‌మెంట్ కింద ఎవరో కొత్త కారు కొన్నారు. పూజారి బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేశాడు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. ఆ ఇంటి కోడలు అక్షింతల పళ్లెం పట్టుకుని నిలబడింది. పాలప్యాకెట్ కోసం దిగినదాన్ని నా దారిన నేను పోవచ్చు కదా. "అమ్మాయ్, పెట్రోలు మూత గట్టిగా వేసుందా, చూసుకున్నారా?" అని అక్కడినుంచే అరిచాను. అందరూ నావైపు తిరిగారు. ఆ పిల్ల మర్యాదస్తురాలు, "వేసే ఉంది ఆంటీ" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రిటైరైన పంతులమ్మలకు ఇలాంటి చాదస్తాలు మామూలే అనుకుని ఉంటారు.

పైకొచ్చి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగి పోతున్నా అలాగే చూస్తూ నిలబడ్డాను. అవ్వ పోయి ఎన్నో ఏళ్లయింది. అయినా అక్షింతల పళ్లెం ఎక్కడ కనిపించినా నాకు ఆమే గుర్తొస్తుంది.

డెబ్బైల చివర్లో నాకు మొదటి ఉద్యోగం జహీరాబాద్ ఆడపిల్లల బళ్లో వచ్చింది. అద్దె గదుల కోసం తిరుగుతుంటే ఎవరో అవ్వ ఇల్లు చూపించారు. అవ్వ అంటే ముసలావిడ అనుకునేరు. సరిహద్దు దగ్గర ఊళ్లలో తల్లిని అవ్వ అంటారు. ఆమెది హుమ్నాబాద్ దగ్గర పుట్టిల్లు, ఇక్కడ మెట్టినిల్లు. యాభై ఏళ్లుంటాయి. నిటారుగా ఉండే మనిషి, నుదుటి మీద విభూతి, మోచేతుల దాకా మసి. గదులు చూపించి, నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పకముందే, "పొద్దుగాల లేస్తె కిరసనాయిలు వాసనొస్తది. పట్టదంటె ఇప్పుడే చెప్పు బిడ్డ. తర్వాత మొఖం ముడుచుకుంటె నాకు కోపమొస్తది" అంది. వంట కిరసనాయిలు స్టవ్ మీద చేస్తుంది కాబోలు అనుకుని సరేనన్నాను.

వాసన వంటింట్లోంచి కాదు, పెరట్లోని పెంకుల కొట్టంలోంచి వచ్చేది. అక్కడ ఇటుకల మీద ఒక నల్ల మోటరు నిలబడి ఉండేది. నిజాం జమానా నాటి విలాయతీ బండి. ముందు రెండు పెద్ద గుండ్రటి దీపాలు, పక్కన కాలు పెట్టి ఎక్కడానికి మెట్టు, లోపల సీట్ల దగ్గర ఖాళీ. చక్రాలు లేవు. ఇంజన్ సగం విప్పి, ఆ భాగాలు గోనెసంచుల మీద పరిచి ఉన్నాయి. అవ్వ చిన్న పీట వేసుకుని, సత్తు పళ్లెంలో కిరసనాయిలు పోసి, బోల్టులను ఒక్కొక్కటిగా పాత చీర ముక్కతో రుద్దేది. దీపాల చుట్టూ ఉండే ఇత్తడి చుట్లను చింతపండుతో తోమి ఎండలో పెట్టేది. నేను బడికి పోయేటప్పుడు రుద్దుతున్న బోల్టునే, కొన్నిసార్లు నేను తిరిగొచ్చేసరికి కూడా రుద్దుతూ ఉండేది.

అవ్వకు చదువు రాదు. బోల్టులు కలిసిపోకుండా ఊరగాయ జాడీల్లో దాచేది. ఏ జాడీ దేనిదో తెలియడానికి ఒక్కోదాంట్లో ఒక్కో గింజ వేసేది. ఎడమ ముందు చక్రానివి జొన్నల జాడీ, కుడివైపువి కందుల జాడీ, ఇంజన్ బోల్టులు పెసళ్లలో, తలుపులవి చింతగింజల్లో. ప్రతి శుక్రవారం హైవే మీది షెడ్డుకు సెలవు కాబట్టి ఒక ముసలి మెకానిక్ వచ్చేవాడు. అవ్వ ఆయన్ని సాబ్ అనేది. ఆయన బండి కింద దూరి, "అమ్మా, జర కందులు ఇయ్యుండ్రి" అని చెయ్యి చాచేవాడు. మొదటి వారం నేను నిజంగానే ఈయన కందులతో ఏం చేస్తాడని విస్తుపోయాను. ఈ సంగతి నేను స్టాఫ్ రూములో చెబితే పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత అందులో ఒకావిడ గొంతు తగ్గించి మిగతా కథ చెప్పింది. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

నేను ఆ ఊరికి రాకముందు ఒక దీపావళికి అవ్వా, ఆమె పెనిమిటీ ఆ మోటరులో ఆమె పుట్టింటికి పోయి తిరిగొస్తున్నారు. ఆయన మొగుడంపల్లి దిక్కు అల్లం పండించే పెద్ద రైతు. దారిలో ఆయనకు గుండె నొప్పి వచ్చింది. జహీరాబాద్ దవాఖానకు చేర్చాలని డ్రైవర్ బండిని ఉరికించాడు. చిరాగ్‌పల్లి దాటగానే బండి ఆగిపోయింది. డ్రైవర్ బానెట్ ఎత్తి ఏదో చేశాడు, కొంచెం కదిలింది, మళ్లీ ఆగింది. ఆగే లారీ దొరికేసరికి ఆయన అవ్వ ఒళ్లో తల పెట్టుకునే పోయాడు. అక్కడే, రోడ్డు పక్కనే, గుమిగూడిన జనం ముందర, అవ్వ డ్రైవర్ వంక చూసి "నువ్వే చంపినవ్" అంది. నీళ్లు పోయకుండా ఇంజన్ మాడ్చేశాడని జనం తీర్పు చెప్పేశారు. అతను ఒక్క మాట మాట్లాడలేదట. ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు.

మోటరును ఎడ్లతో ఇంటికి లాక్కొచ్చారు. శనిగొట్టు బండి, ఇనుప సామాను వాడికి ఇచ్చెయ్యమని చుట్టాలంతా చెప్పారు. అవ్వ ఇవ్వలేదు. పొద్దున చాయ్ తాగకముందే కొట్టంలోకి పోయి, బానెట్ మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, తన పుట్టింటి కన్నడంలో "ఏళప్పా" అనేది. లేవయ్యా అని. ఎద్దును లేపినట్టే లేపేది. తర్వాత తెలుగులో గట్టిగా, "ఎందుకాగినవో చెప్పు. చెప్పితె నిన్ను ఇడిసిపెడుత" అనేది. రోజూ ఇదే మాట. ఆ బండి బాగుపడితే షికారు పోదామని ఆమె అనుకోలేదు. అది ఆ రోజు ఎందుకు ఆగిందో ఆమెకు తెలియాలి. అది తెలియక ఆమెకు అన్నం సహించేది కాదు, నిద్ర పట్టేది కాదు.

సాబ్ ఇంజన్ మొత్తం విప్పిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. ఆయన ఒక్కో భాగం వెలుతురులో తిప్పి చూసి, "అమ్మా, ఇది నీళ్లు లేక మాడిన ఇంజన్ కాదు. లోపల మొత్తం సాఫ్ ఉన్నది" అన్నాడు.

"అయితె ఇంకేమో చేసిండు వాడు" అంది అవ్వ.

"ఏం చేస్తడమ్మా పాపం?"

"అది నువ్వు చెప్పాలె. నీకెరుక లేకపోతె నాకేమెరుక?" అని విసురుగా లేచి జాడీలు సర్దుకుంటూ పోయింది.

మొండితనం అంటే అంత మొండితనం. ఏడాదికొకటి చొప్పున పనులు ముందుకు పోయాయి. కింద పుచ్చిపోయిన చెక్కలు తీసి తుమ్మచెక్క వేయించింది. మోచీని పిలిపించి సీట్లకు తోలు కుట్టించింది, లోపలికి కొబ్బరిపీచు తనే చిక్కు తీసి నింపింది. తలుపుల సందుల్లో ఉన్న పాత రంగును బ్లేడుతో గీకి గీకి వేళ్లు కోసుకుంది. పళ్లెంలో అన్నం పెట్టుకుని పక్కన కార్బొరేటర్ పెట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. "చేతులు కడుక్కోండవ్వా" అంటే, "బడి పిల్లలకు చెప్పుకో" అనేది.

ఒకసారి ఇద్దరం కలిసి బస్సులో ఆమె పుట్టింటికి పోయాం. కిటికీ దగ్గర కూర్చుని కబుర్లు చెబుతున్న మనిషి, చిరాగ్‌పల్లి వస్తుందనగా చటుక్కున లేచి నన్ను అటు జరిపి, తను ఇటువైపుకు వచ్చి తల తిప్పుకుంది. నేను కిటికీలోంచి చూశాను. రోడ్డు పక్కన ఒక పంక్చర్ దుకాణం. నెరిసిన జుట్టు మనిషి ఒకడు నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి చూస్తున్నాడు. బస్సు హారన్ విని తలెత్తాడు, మళ్లీ దించుకున్నాడు. అతనే ఆ డ్రైవరని చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది.

దసరా గురించి చెప్పాలి. అవ్వ చేతి అక్షింతలంటే ఒకప్పుడు ఆ వీధిలో అందరికీ అపురూపమట. ఏ ఇంట్లో పెళ్లయినా బియ్యం ఆమే ఏరేది. చాట ముందు పెట్టుకుని, ఒక్కో గింజా వేలి కొసతో జరిపి, కొస విరిగినదాన్ని పక్కకు తోసేది. విరగని గింజలకే పసుపు, నెయ్యి కలిపేది. పెనిమిటి పోయాక ఎవరూ ఆమెను అక్షింతలు అడగలేదు. అడగకూడదట. అయినా ప్రతి దసరాకూ ఆమె పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బియ్యం ఏరుతూనే ఉండేది.

"ఎవరికోసం అవ్వా?" అని అడిగాను ఆ మొదటి ఏడు.

"ఇంకెవరికి? మోటరుకు. మనుషులకు పట్టింపులుంటయి గని దీనికి ముండమోసిందన్న పట్టింపు లేదు బిడ్డ" అని నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఏడుపొచ్చింది.

చక్రాలు లేని బండికి బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. వెనక్కి పోయి పెట్రోలు మూత తిప్పి తీసింది. మూడు వేళ్లతో అక్షింతలు తీసుకుని అందులోకి జారవిడిచింది. "ఎద్దుల పండుగనాడు ఎద్దు నోట్లె పోలె పెట్టమా? దీని నోరు ఇదే కద. మా ఇంటికి మోటరొచ్చిన కాడికెళ్లి ఏటా ఇట్లనే ఏస్త" అంది. పోలె అంటే బొబ్బట్టు. పెనిమిటి నవ్వేవాడట, వద్దనేవాడు కాదట. నన్నూ వేయమంది. నేను బీయస్సీ చదివినదాన్ని. వేశాను. మరుసటి ఏడూ వేశాను. అందులో ఏముంది, ముచ్చట తీర్చుకుంటోంది అనుకున్నాను తప్ప, నా బుర్రకు ఇంకేమీ తట్టలేదు.

ఎనభైలు వచ్చాయి. ఊరి పక్కన చిన్న లారీల ఫ్యాక్టరీ మాటలు వినబడుతున్నాయి. ఇంజన్ మళ్లీ బిగిసింది, చక్రాలు ఎక్కాయి. ఇక పెట్రోలు పోసి స్టార్ట్ చేయడమే తరువాయి. ఆ శుక్రవారం సాబ్, "ఇన్నేండ్ల తుప్పు ఉంటది. ట్యాంకు దింపి కడగాలె అమ్మా" అన్నాడు. బండి వెనక కింద దూరి ట్యాంకు విప్పాడు. ఆయనా నేనూ కలిసి గోనెసంచి మీద బోర్లించి ఊపాం. గరగరమని తుప్పు రాలింది. దాంతోపాటు పచ్చటి బియ్యం రాలాయి.

సాబ్ పకపకా నవ్వాడు. "ఏందమ్మా, బండికి బిర్యానీ తినిపిస్తున్నవా?" నేనూ నవ్వాను. అవి మేము దసరాలకు వేసినవే. అవ్వ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వుతూనే ఒక సన్న తీగ తీసుకుని, పెట్రోలు ఇంజన్‌కు పోయే గొట్టంలో పెట్టి పొడిచాడు. ఏదో అడ్డం తగిలింది. ఇంకా పొడిచాడు. తుప్పు అంటుకుని నల్లబడిన గింజలు, ఒకదాని వెనక ఒకటి, ఇరుక్కుని ఉన్నవి, బయటికొచ్చి పడ్డాయి.

"అరె, పైపే బందయింది. ఇగ పెట్రోల్ ఎట్ల పోతది? బండి ఎట్ల నడుస్త..." అంటూ ఆయన తలెత్తి అవ్వ ముఖం చూశాడు. మాట మధ్యలోనే ఆపేశాడు. తీగ కింద పెట్టి, తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అవ్వ ఆ నల్ల గింజలను ఏరి కిరసనాయిలులో కడిగింది. అరచేతిలో పరుచుకుని, వేలి కొసతో ఒక్కొక్కటీ జరిపి చూసింది. సరిగ్గా చాట ముందు కూర్చుని చూసినట్టే చూసింది.

"ఒక్కటి సుత ఇరగలే" అంది.

నాకు నోరు ఊరుకోదు. "అవి కూడా మనం మొన్న వేసినవే అయ్యుంటాయవ్వా" అన్నాను.

"మనం ఏసినయి పచ్చగున్నయి బిడ్డ. ఇవి ఆయనున్నప్పటియి." అంతే. కొంగు కొసలో ఆ గింజలను ముడి వేసుకుని ఇంట్లోకి పోయింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. జాడీలన్నీ వరుసగా పెట్టుకుని వాటి మధ్య కూర్చుంది.

మర్నాడు నన్ను బడికి సెలవు పెట్టమంది. బస్సెక్కాం. ఈసారి అవ్వ కిటికీ దగ్గరే కూర్చుంది, తల తిప్పుకోలేదు. చిరాగ్‌పల్లిలో దిగాం.

అవ్వను చూడగానే ఆ పంక్చర్ దుకాణం మనిషి చేతిలో ట్యూబు వదిలేసి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. కూర్చోమని ఒక పాత టైరు ముందుకు జరిపాడు. అవ్వ కూర్చోలేదు. కొంగు ముడి విప్పి అరచెయ్యి ముందుకు చాపింది. అతను ఆ గింజల వంక చూశాడు. ఆశ్చర్యపోలేదు. అలసిపోయినట్టు మాత్రం కనిపించాడు.

"ఎందుకు తీసిన్రవ్వా అవి" అన్నాడు మెల్లగా.

"నీకెరుకనా?" అంది అవ్వ. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"ఆ పొద్దే ఎరుక. పంపు కింద గాజు గిన్నె ఉంటది. అండ్ల పచ్చగ కనబడ్డయి. తీసి పారేసి పైపుల నోటితోని ఊదిన. జర నడిచింది, మల్ల ఆగింది."

"మరి చెప్పలేదేంది? అందరి ముంగట నిన్ను చంపినోడంటి. ఎందుకు చెప్పలే?"

"అప్పుడు పటేలు తలకాయ మీ ఒళ్లె ఉండె. అప్పుడేం చెప్పాలె అవ్వా?"

"తర్వాత చెప్పక పోయినవా? ఇన్నేండ్లు..."

అతను తొట్టిలో మునుగుతున్న ట్యూబు వైపు చూస్తూ, "చెప్పితె మీరు బతుకుదురా?" అన్నాడు. "నాదేముంది, బండి నడపకుంట గూడ బతికిన."

అవ్వ అప్పుడు ఆ టైరు మీద కూలబడింది. ఆయన పోయిన నాడు కూడా ఆమె ఏడవలేదని వీధిలో చెప్పుకునేవాళ్లు. ఆ రోజు లారీలు పోతున్న రోడ్డు పక్కన నోరు తెరిచి ఏడ్చింది. "చంపింది నేను తమ్మీ. నా చేతులతోని నేనే చంపుకున్న" అని తల బాదుకుంది. "ఎవ్వరు చంపలే అవ్వా. బండి ఆగింది, గంతే" అని అతను, ఏం చేయాలో తోచక, మళ్లీ మళ్లీ అదే మాట అన్నాడు. నేను కూడా ఏడ్చాను. మూడు వేళ్లతో నేను జారవిడిచిన గింజలు కళ్లముందు కనిపించాయి.

చాలాసేపటికి ముఖం తుడుచుకుని, "ఆనాటి తొవ్వ సగమే అయింది తమ్మీ. జర దవాఖాన దాక నడుపుతవా?" అని అడిగింది.

అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "నేను నడపక చానేండ్లాయెనవ్వా."

"అదీ నడవక అన్నేండ్లే ఆయె. ఇద్దరు కలిసి నేర్సుకోండ్రి" అంది. అంత ఏడుపులోనూ అవ్వ అవ్వే.

బండి బయల్దేరే రోజున వీధంతా కొట్టం ముందు చేరింది. నిమ్మకాయలు తెచ్చారు, కొబ్బరికాయ తెచ్చారు. ఇన్నేళ్లూ అడగని వాళ్లలో ఒకావిడ జాలిపడి పళ్లెంలో అక్షింతలు కలిపి తెచ్చి అవ్వ చేతికిచ్చింది. అవ్వ ఆ పళ్లెం తీసుకుని, దాని మీద బోర్లా ఇంకో పళ్లెం మూసి, దూరంగా గోడ మీద పెట్టింది. వెనక్కి పోయి పెట్రోలు మూత మూడుసార్లు తిప్పి బిగించింది. డ్రైవర్ తాళం తిప్పాడు. సాబ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంజన్ చప్పుడు విని, తల ఊపాడు.

చిరాగ్‌పల్లి దాకా పోయి, ఆ చోటు దగ్గర బండి తిప్పి ఆపాడు డ్రైవర్. నేను ముందు సీట్లో ఉన్నాను. వెనక సీట్లో అవ్వ ఒక మూలకు జరిగి, పక్కన చోటు ఉంచి, ఒళ్లో చీర సర్దుకుంది. "పోనీ తమ్మీ" అంది. జహీరాబాద్ దాకా బండి ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. అది అంత నిమ్మళంగా పోతుంటే, ఇంత బాగా నడిచే బండి కదా అనిపించింది.

దవాఖాన గేటు ముందు ఆపి, "దిగుతరా అవ్వా?" అని అడిగాడు డ్రైవర్.

అవ్వ ఒళ్లో ఉన్న చేతుల వంక చూసుకుంది. "దిగి ఏం చెయ్యాలె? మనం చాన లేటయినం. ఇంటికి పోదాం పా" అంది.

ఆ తర్వాత డ్రైవర్ మళ్లీ ఆ ఇంట్లోనే పనికి చేరాడు. మోటరు పొలానికీ, బజారుకూ తిరుగుతూనే ఉండేది. అవ్వ మాత్రం పొద్దున పోయి దాన్ని తట్టి లేపడం మానేసింది. బియ్యం ఏరడమూ మానేసింది. జాడీల్లోని జొన్నలు, కందులు పిట్టలకు చల్లేసింది. దసరాకు బండికి ఒక పువ్వు పెట్టి దండం పెట్టుకునేది, అంతే.

రెండేళ్ల తర్వాత సంగారెడ్డిలో మా ఇంట్లో నా పెళ్లి జరిగింది. అవ్వ ఆ నల్ల మోటరులోనే వచ్చింది. దించి డ్రైవర్ పక్కన నిలబడ్డాడు. పందిట్లో అందరూ వరుసగా వచ్చి అక్షింతలు వేస్తున్నారు. అవ్వ వెనక స్తంభం దగ్గరే ఉండిపోయింది. ఆమెను పైకి పిలవమని నేనంటే మా అమ్మ నసిగింది. "అవ్వ దీవించకపోతే నేను ఈ పీట దిగను" అని మొండికేశాను. ఆ మొండితనం ఎవరి దగ్గర నేర్చుకున్నానో నాకు తెలుసు.

అవ్వ వచ్చింది. మా అత్తగారు పెద్ద మనసు చేసుకుని, స్వయంగా పళ్లెం ఆమె ముందుకు జరిపింది. అవ్వ చెయ్యి పళ్లెం దాకా పోయింది. గింజల మీద వేళ్లు ఆడాయి. ఒక్క గింజను పక్కకు జరిపింది కూడా, విరిగిందేమో. అంతలోనే వేడి తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, చీరకు తుడుచుకుంది.

"ఎంత పద్ధతి తెలిసిన మనిషి" అని పక్కన ఎవరో మెచ్చుకున్నారు. ముత్తైదువ కాదు కాబట్టి తనంతట తనే ఆగిందని అనుకున్నారు. ఇప్పటికీ మా వాళ్లంతా అలాగే అనుకుంటున్నారు. నేను తల వంచాను. అవ్వ తన వట్టి అరచెయ్యి నా తల మీద పెట్టి, చాలాసేపు తీయలేదు. ఆ చెయ్యి కిరసనాయిలు వాసన వేసింది. నా మీద ఒక్క గింజ కూడా రాలలేదు.